నేర్పేది ఒకరు, అమ్ముకునేది ఇంకొకరు: స్కేట్‌బోర్డు దుకాణాలు చెబుతున్న పాఠం

అమెరికాలోని చిన్న స్కేట్‌బోర్డు దుకాణాల్లో వారాంతాల్లో తరచూ కనిపించే దృశ్యం ఒకటుంది. పన్నెండేళ్ల పిల్లవాడు మొదటి బోర్డు కొనుక్కోవడానికి తల్లితో కలిసి వస్తాడు. కౌంటర్ దగ్గరున్న కుర్రాడు పిల్లవాడి ఎత్తు, పాదం సైజు చూస్తాడు. వీధుల్లో తిరగడానికా, ర్యాంపుల మీద ఆడటానికా అని అడుగుతాడు. దాన్నిబట్టి గోడకు వేలాడుతున్న వాటిలో ఎనిమిది అంగుళాల వెడల్పున్న చెక్క ఒకటి దించుతాడు. దాని మీద గరుకు కాగితం లాంటి గ్రిప్ టేప్ అంటించి, అంచులను ఆకురాయితో రుద్ది, మిగిలిన ముక్కను బ్లేడుతో కోసేస్తాడు. అడుగున ట్రక్కులనే లోహపు ఇరుసులు బిగిస్తాడు. చక్రాల్లో బేరింగులు కూర్చి తిప్పి చూస్తాడు. ఈ పనికి చాలా దుకాణాలు విడిగా డబ్బు తీసుకోవు. వెళ్లేముందు, పడబోతున్నప్పుడు చేతులు ఎలా పెట్టకూడదో, దగ్గర్లో స్కేట్ పార్కు ఎక్కడుందో, కొత్తవాళ్లు అక్కడికి ఏ పూట వెళ్తే మంచిదో కూడా చెప్పి పంపిస్తాడు.

ఆర్నెల్లు తిరిగేసరికి ఆ పిల్లవాడి బూట్లు అరిగిపోతాయి. గరుకు టేప్ మీద పాదం రాపిడికి ఈ ఆటలో బూట్లు త్వరగా చిరుగుతాయి. ఈసారి తల్లి దుకాణానికి రాదు. ఫోన్‌లో అదే జత కొన్ని డాలర్లు తక్కువకు దొరుకుతుంది, మర్నాటికి ఇంటికి వస్తుంది. ఆమె చేసినదాన్ని ఎవరూ తప్పు పట్టలేరు. కానీ ఆ దుకాణం అద్దె కట్టేది చెక్క అమ్మకాలతో కాదు, బూట్లు, చొక్కాల మీద వచ్చే డబ్బుతో. పిల్లవాడిని ఆటగాడిగా మార్చింది దుకాణం. ఆటగాడయ్యాక అతను పెట్టే ఖర్చు మాత్రం వేరే చోటికి పోతోంది.

స్కేట్‌బోర్డు దుకాణాల కష్టాన్ని ‘ఆన్‌లైన్ వచ్చింది, చిన్నవాడు మునిగాడు’ అనే ఒక్క వాక్యంతో ముగించడం తేలిక. అసలు చిక్కు మరోచోట ఉంది. గిరాకీని పుట్టించే పనికి ఈ మార్కెట్‌లో ధర లేదు. ఆ గిరాకీని తీర్చే పనికే ధర ఉంది. భారతదేశంలో చిల్లర వ్యాపారం మీద నడుస్తున్న చర్చకు కూడా ఈ తేడా చాలా దగ్గరిది.

దుకాణం నుంచి పుట్టిన ఆట

స్కేట్‌బోర్డింగ్ 1950లలో కాలిఫోర్నియా సముద్రతీరంలో మొదలైంది. అలలు లేని రోజున సర్ఫింగ్ కుర్రాళ్లు చెక్కకు చక్రాలు బిగించి రోడ్డెక్కారు. క్రికెట్‌కో ఫుట్‌బాల్‌కో ఉన్నట్టు దీనికి బడి మైదానాలు, కోచ్‌లు, జిల్లా సంఘాలు లేవు. ఆ పనులన్నీ చాలావరకు దుకాణాల మీదే పడ్డాయి. పిల్లలను పోగుచేసింది, బాగా ఆడేవారికి ఉచితంగా బోర్డులిచ్చి జట్టు కట్టింది, పోటీలు పెట్టింది, ఆటగాళ్ల వీడియోలు తెర కట్టి చూపించింది, పార్కు కోసం నగర పాలక మండలి ముందు నిలబడి మాట్లాడింది చాలా ఊళ్లలో దుకాణదారులే.

1970ల తొలినాళ్లలో శాంటా మోనికాలో జెఫ్ హో, స్కిప్ ఎంగ్‌బ్లామ్, క్రెయిగ్ స్టెసిక్ కలిసి నడిపిన జెఫిర్ సర్ఫ్ దుకాణం ఇందుకు మంచి ఉదాహరణ. తీరంలోని ఆ వాడలో, చాలావరకు చితికిన కుటుంబాల పిల్లలను చేరదీసి ఆ దుకాణం ఒక స్కేట్ జట్టును తయారుచేసింది. 1975లో డెల్ మార్ పోటీల్లో వాళ్లు నేలకు వంగి, సర్ఫింగ్ చేస్తున్నట్టు ఆడిన తీరు ఆటనే మార్చేసింది. ఆ వెంటనే పెద్ద కంపెనీలు వచ్చి ఒక్కొక్క ఆటగాడినీ ఎక్కువ డబ్బిచ్చి తీసుకెళ్లాయి. కొద్దికాలంలోనే జట్టు చెదిరింది, దుకాణమూ మూతపడింది. ఆ కుర్రాళ్ల పేరు చరిత్రలో నిలిచింది. 2001లో వాళ్ల మీద డాక్యుమెంటరీ కూడా వచ్చింది. తయారుచేసిన దుకాణానికి మాత్రం ఆ విలువలో పెద్దగా వాటా దక్కలేదు. అప్పటికి ఇంటర్నెట్ లేదు, అమెజాన్ లేదు. అంటే ఈ రోగం ఆన్‌లైన్ కంటే పాతది.

చెక్క మీద కాదు, బూట్ల మీద

స్కేట్‌బోర్డు చెక్కను సాధారణంగా ఉత్తర అమెరికాలో పెరిగే గట్టి మేపుల్ కలపతో చేస్తారు. ఏడు పలుచని పొరలను జిగురుతో అంటించి, అచ్చులో నొక్కి వంపు తెస్తారు. ఈ పని చాలావరకు ఇప్పుడు మెక్సికోలోనో చైనాలోనో జరుగుతోంది. వేర్వేరు బ్రాండ్ల బొమ్మలున్న చెక్కలు ఒకే కర్మాగారం నుంచి రావడం మామూలే. 1980ల చివర్లో ఒక చెక్క 50 డాలర్ల దరిదాపుల్లో ఉండేది. నాలుగు దశాబ్దాల తర్వాత కూడా అది 60-70 డాలర్లే. ఈలోగా అద్దె, జీతం, కరెంటు బిల్లు మాత్రం ఎన్నో రెట్లు పెరిగాయి.

ధర పెరగకపోవడానికి కారణం ఆడేవాళ్ల జేబు. బోర్డు కొనేవారిలో ఎక్కువమంది పిల్లలు, కుర్రాళ్లు. చెక్క కొద్ది నెలల్లోనే విరుగుతుంది. ధర పెంచితే వాళ్లు బొమ్మలేని చవక చెక్కకు మారిపోతారు. అందుకే చెక్క మీద దుకాణానికి మిగిలేది స్వల్పం. బూట్లు, టీషర్టులు, టోపీల మీద మిగులు ఎక్కువ. చెక్క కోసం వచ్చినవాడు బూట్లు కూడా కొంటే దుకాణం నిలబడుతుంది, లేకపోతే లేదు.

ఈ లెక్క బయటివాళ్లకు అర్థమైనప్పటి నుంచే ఒత్తిడి మొదలైంది. బేరింగులు, ట్రక్కులు, పది రకాల వెడల్పుల్లో చెక్కలు నిల్వ ఉంచడం ఖర్చుతో కూడిన పని. స్కేటర్‌లా కనిపించాలనుకునేవారికి చొక్కా, బూట్లు అమ్మడం అంతకంటే తేలిక. 1978లో సియాటిల్ ప్రాంతంలో మొదలైన జూమీజ్ మాల్స్‌లో విస్తరించి, 2005లో షేర్ మార్కెట్‌కు వెళ్లి, ఆ తర్వాత 700కు పైగా దుకాణాల గొలుసుగా మారింది. 1985లో పోస్టు ద్వారా చవకగా బోర్డులు అమ్మే కేటలాగ్‌గా పుట్టిన సీసీఎస్‌ను 2008లో ఫుట్ లాకర్ సుమారు 10 కోట్ల డాలర్లకు కొన్నది. ఆరేళ్లకే వదిలించుకుంది. చివరికి దాన్ని తీసుకున్నది పోర్ట్‌లాండ్‌లోని ఒక బోర్డు దుకాణం.

బ్రాండ్ల రాకపోకలు

స్కేట్ దుకాణం విలువ ఎంతో బూట్ల కంపెనీలకు బాగా తెలుసు. నైకీ అనుభవమే అందుకు సాక్ష్యం. 1990లలో ఆ కంపెనీ స్కేటింగ్ బూట్లతో ఈ రంగంలోకి రావాలని ప్రయత్నించి విఫలమైంది. బయటి పెద్ద కంపెనీని ఆటగాళ్లు నమ్మలేదు. 2002లో శాండీ బోడెకర్ నాయకత్వంలో నైకీ ఎస్‌బీ పేరుతో మళ్లీ వచ్చినప్పుడు దారి మార్చింది. మాల్స్‌కు ఇవ్వకుండా ఎంపిక చేసిన స్వతంత్ర స్కేట్ దుకాణాలకే సరుకు ఇచ్చింది. కొన్ని దుకాణాలతో కలిసి ప్రత్యేకమైన రంగుల్లో పరిమిత సంఖ్యలో డంక్ బూట్లు చేసింది. వాటి కోసం జనం రాత్రంతా వరుసల్లో నిలబడ్డారు. ఒక్క విడుదల రోజు అమ్మకాలతో చిన్న దుకాణానికి పెద్ద ఊరట దొరికేది. నైకీకి డబ్బుతో కొనలేని నమ్మకం దొరికింది.

నమ్మకం కుదిరాక సరుకు క్రమంగా పెద్ద దుకాణాలకు, సొంత వెబ్‌సైటుకు, యాప్‌కు చేరింది. 2017లో నైకీ మొత్తం వ్యాపారాన్నే నేరుగా వినియోగదారుడికి అమ్మే దిశగా మళ్లించింది. వేల సంఖ్యలో ఉన్న చిల్లర భాగస్వాములలో ఎంపిక చేసిన సుమారు 40 సంస్థల మీదే దృష్టి పెడతామని ప్రకటించింది. కాగితం మీద లెక్క బాగానే ఉంది. మధ్యవర్తి వాటా మిగులుతుంది, కొనుగోలుదారుడి సమాచారం చేతికొస్తుంది. కానీ ఖాళీ అయిన అరల్లోకి పోటీ బ్రాండ్లు వచ్చి కూర్చున్నాయి. 2023 నాటికి నైకీ తాను వదిలేసిన పెద్ద దుకాణాల వైపు మళ్లీ చూసింది. 2024 అక్టోబర్‌లో పగ్గాలు చేపట్టిన ఎలియట్ హిల్ చిల్లర భాగస్వాములతో సంబంధాలు సరిచేసుకోవడాన్ని ముఖ్యమైన పనుల్లో ఒకటిగా పెట్టుకున్నారు.

1966లో కాలిఫోర్నియాలో పుట్టిన వాన్స్‌ది మరో రకం కథ. 2004లో వీఎఫ్ కార్పొరేషన్ దాన్ని కొన్న తర్వాత స్కేటర్ల బూటు అందరి బూటు అయింది. 2022 ఆర్థిక సంవత్సరంలో అమ్మకాలు 400 కోట్ల డాలర్లు దాటాయి. 2024 ఆర్థిక సంవత్సరానికి అవి 300 కోట్ల డాలర్ల కిందికి పడిపోయాయి. అందరి కాళ్లకూ ఎక్కిన ఫ్యాషన్ అందరి కాళ్ల నుంచీ ఒకేసారి దిగిపోగలదు. అదే వీఎఫ్ 2020లో సుప్రీమ్‌ను 210 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించి, 2024లో ఎసిలోర్‌లుక్సోటికాకు 150 కోట్ల డాలర్లకు అమ్మేస్తున్నట్టు చెప్పింది. సుప్రీమ్ 1994లో న్యూయార్క్‌లోని లాఫాయెట్ వీధిలో తెరిచిన ఒక స్కేట్ దుకాణం. దుకాణం చుట్టూ తిరిగే కుర్రాళ్లు ఇచ్చే విలువ ఎంత ఉంటుందో ఈ అంకెలు చెబుతాయి. ఆ విలువను డబ్బుగా మార్చుకోగలిగినవి ఎంత తక్కువో కూడా చెబుతాయి. సుప్రీమ్ బట్టల బ్రాండ్‌గా మారడం వల్లనే అది సాధ్యమైంది.

ఉప్పెనలు, ఎండలు

ఈ వ్యాపారానికి ఇంకో స్వభావం ఉంది. అది నిలకడగా పెరగదు. 1960ల మధ్యలో ఒక వెల్లువ వచ్చి ఏడాది రెండేళ్లలో చప్పబడింది. 1970లలో యూరథేన్ చక్రాలు వచ్చాక రెండో వెల్లువ. దశాబ్దం చివరికి బీమా భారంతో సిమెంటు పార్కులు మూతపడి అదీ ఆగింది. 1980ల వెల్లువ 1990ల మొదట్లో కూలింది. 1999లో టోనీ హాక్ ఎక్స్ గేమ్స్‌లో గాలిలో రెండున్నర చుట్లు తిరిగిన తర్వాత, అదే ఏడాది ఆయన పేరుతో వీడియో గేమ్ వచ్చిన తర్వాత మరో తరం ఆటలోకి వచ్చింది.

కరోనా కాలంలో మళ్లీ అదే జరిగింది. జిమ్‌లు, బడి మైదానాలు మూసేశారు. ఒంటరిగా బయట ఆడుకోదగ్గ ఆట కనుక 2020 వేసవిలో బోర్డులకు కరువొచ్చింది. ట్రక్కుల కోసం దుకాణాలు నెలల తరబడి ఎదురుచూశాయి. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో స్కేట్‌బోర్డింగ్ తొలిసారి కనిపించింది. అందరూ సరుకు పెద్ద ఎత్తున ఆర్డరు పెట్టారు. సరుకు చేరేసరికి బడులు తెరుచుకున్నాయి, గిరాకీ తగ్గింది. పెద్ద సంస్థలు నిల్వలు వదిలించుకోవడానికి ధరలు కోసేశాయి. పూర్తి ధరకు కొని అరల్లో పెట్టుకున్న చిన్న దుకాణం ఆ ధరలతో పోటీ పడలేకపోయింది.

2025లో సుంకాల వంతు వచ్చింది. ట్రంప్ ప్రభుత్వం చైనా సరుకు మీద సుంకాన్ని ఏప్రిల్‌లో 145 శాతానికి తీసుకెళ్లి, మే నెలలో 30 శాతానికి దించింది. చైనాలో చేసిన చెక్కలు, చక్రాలు, బూట్లు తెప్పించేవాళ్లకు వచ్చే నెల ధర ఎంతో చెప్పలేని పరిస్థితి. పెద్ద గొలుసులు ముందే నిల్వ చేసుకోగలవు, కర్మాగారంతో బేరమాడగలవు. రెండు గదుల దుకాణం ఆ రెండూ చేయలేదు. మరోవైపు, 800 డాలర్ల లోపు విదేశీ పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును అదే ఏడాది ఆగస్టు 29 నుంచి ఎత్తేశారు. విదేశాల నుంచి నేరుగా ఇంటికి వచ్చే చవక సరుకుతో పోటీ పడుతున్న దుకాణాలకు ఇది కొంత మేలు. ఒకే విధానం ఒక చేత్తో ఇచ్చి, రెండో చేత్తో తీసుకున్నట్టయింది.

నిలబడినవి ఎలా నిలబడ్డాయి

ఇన్ని దెబ్బల తర్వాత కూడా పదుల ఏళ్లుగా నడుస్తున్న దుకాణాలున్నాయి. వాటిలో కొన్ని పోలికలు కనిపిస్తాయి. మొదటిది, ఇంకెక్కడా దొరకని సరుకు. దుకాణం తన సొంత పేరుతో, ఊరి చిత్రకారుడు గీసిన బొమ్మతో చెక్కలు, చొక్కాలు చేయించుకుంటుంది. ఫోన్‌లో ధర పోల్చి చూడటానికి అలాంటిది మరొకటి ఉండదు. పైగా మిగులు మొత్తం దుకాణానిదే. రెండోది, మనుషులు. ఊళ్లో బాగా ఆడేవాళ్లు దుకాణం జట్టులో ఉంటారు, కొందరు అక్కడే పని చేస్తారు. వాళ్లను చూడటానికి పిల్లలు వస్తారు. మూడోది, చోటు. లండన్‌లో సౌత్‌బ్యాంక్ క్వీన్ ఎలిజబెత్ హాల్ కింద దశాబ్దాలుగా స్కేటర్లు ఆడుకునే స్థలంలో దుకాణాల సముదాయం కట్టాలని 2013లో ప్రతిపాదన వస్తే, జనం సంతకాలతో, న్యాయ పోరాటంతో 2014లో దాన్ని నిలబెట్టుకున్నారు. ఆడే చోటు పోతే అమ్మే చోటూ మిగలదని ఈ రంగంలోని వాళ్లకు తెలుసు. 2020 నుంచి ఏటా ఫిబ్రవరి 19న అమెరికాలోని దుకాణాలు స్కేట్ షాప్ డే జరుపుకుంటున్నాయి. ఆ రోజుకు బ్రాండ్లు స్వతంత్ర దుకాణాలకు ప్రత్యేక సరుకు ఇస్తున్నాయి.

అయితే చిన్న దుకాణాన్ని పూర్తిగా పవిత్రం చేసి చూపించడం కూడా న్యాయం కాదు. చాలాకాలం ఆ గడప కొత్తవాళ్లకు, ముఖ్యంగా ఆడపిల్లలకు స్వాగతం పలకలేదు. ఏమీ తెలియనివాడు అడిగే ప్రశ్నకు వెటకారపు నవ్వే సమాధానంగా దొరికిన సందర్భాలు తక్కువేమీ కాదు. దుకాణం లేని ఊరి పిల్లవాడికి బోర్డు చేర్చింది పోస్టు కేటలాగ్, తర్వాత ఇంటర్నెట్. మాల్‌లో చవక బోర్డుతో మొదలుపెట్టి మంచి ఆటగాళ్లైనవాళ్లూ ఉన్నారు. ఆన్‌లైన్ రాకతో కొనుగోలుదారుడికి నిజమైన లాభమే జరిగింది. ప్రశ్న ఆ లాభం ఉండాలా వద్దా అన్నది కాదు. దాని కోసం ఎవరి శ్రమ లెక్కలోంచి జారిపోతోందన్నది.

సలహా ఉచితం, సరుకు చవక

ఈ ప్రశ్నకు ఆర్థికశాస్త్రంలో పాత పేరే ఉంది. 1960లో లెస్టర్ టెల్సర్ అనే అమెరికన్ ఆర్థికవేత్త ఒక వ్యాసంలో దీన్ని వివరించాడు. ఒక దుకాణం ఖర్చుపెట్టి సరుకు చూపిస్తుంది, వాడటం నేర్పుతుంది. పక్క దుకాణం ఆ ఖర్చు పెట్టదు కనుక తక్కువ ధరకు అమ్ముతుంది. కొనేవాడు మొదటి చోట నేర్చుకుని రెండో చోట కొంటాడు. కొన్నాళ్లకు మొదటి దుకాణం నేర్పడం మానేస్తుంది, లేదా మూతపడుతుంది. అప్పుడు రెండో దుకాణానికీ గిరాకీ తగ్గుతుంది. ఎవరి శ్రమ మీదో ఇంకొకరు ఉచితంగా ప్రయాణించడమిది.

దీనికి పరిష్కారాలు ఒక్కో దేశం ఒక్కోలా వెతికింది. 2007లో అమెరికా సుప్రీంకోర్టు లీజిన్ కేసులో తయారీదారు కనీస ధర నిర్ణయించడం తనంతట తానుగా నేరం కాదని, ఫలితాన్ని బట్టి చూడాలని తీర్పు చెప్పింది. టెల్సర్ చెప్పిన వాదన ఆ తీర్పులో ముఖ్యమైనది. ఫ్రాన్స్ 1981 నుంచి పుస్తకాల ధరలను చట్టంతో కాపాడుతోంది. 5 శాతానికి మించి తగ్గించకూడదు. ఆన్‌లైన్ సంస్థలు ఉచిత డెలివరీతో ఆ చట్టం చుట్టూ తిరుగుతున్నాయని, 2023 అక్టోబర్ నుంచి 35 యూరోల లోపు పుస్తకాల ఆర్డర్లకు కనీసం 3 యూరోల డెలివరీ రుసుము తప్పనిసరి చేసింది.

భారత్‌లో ఈ విషయాన్ని పోటీ చట్టం, 2002లోని మూడో సెక్షన్ చూస్తుంది. పోటీకి గణనీయమైన హాని జరిగితేనే కనీస ధర విధింపు చట్టవిరుద్ధమవుతుంది. డీలర్లు సొంతంగా డిస్కౌంట్ ఇవ్వకుండా అడ్డుకుందంటూ 2021 ఆగస్టులో పోటీ కమిషన్ మారుతీ సుజుకీకి 200 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ధర కాపాడటం అన్నిచోట్లా మంచి మందు కాదనడానికి ఇది గుర్తు. పెద్ద కంపెనీ చేతిలో అది కొనేవాడి జేబుకు చిల్లు పెట్టగలదు. అందుకే చర్చ ధర దగ్గర ఆగకుండా, సేవకు ప్రతిఫలం ఎలా అందాలన్న చోటికి వెళ్లాలి.

భారత్‌లో వరుస తలకిందులు

అమెరికాలో ముందు దుకాణం వచ్చింది, తర్వాత పార్కులు, మాల్స్, చివరికి ఆన్‌లైన్. భారత్‌లో ఈ వరుస తలకిందులైంది. 2009లో దేశంలో అడుగుపెట్టిన డెకత్లాన్ అరల్లో బోర్డు దొరుకుతుంది. ఈ-కామర్స్ సైట్లలో వందల రకాల ప్లాస్టిక్ బోర్డులు దొరుకుతాయి. వాటిలో చాలావాటి మీద నిలబడి ఒక గెంతు వేయడమే కష్టం. కానీ కూర్చోబెట్టి బోర్డు అమర్చి, ఆడటం చెప్పే ప్రత్యేక దుకాణాలు దేశం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టదగ్గవే.

ఆ పనిని ఇక్కడ క్లబ్బులు, స్వచ్ఛంద బృందాలు తలకెత్తుకున్నాయి. బెంగళూరులో హోలీస్టోక్డ్ బృందం 2013లో విదేశీ స్కేటర్లతో కలిసి సొంత చేతులతో సిమెంటు పార్కు కట్టింది. కేరళలోని కోవళంలో బడి మానేసిన పిల్లల కోసం పనిచేసే సంస్థ స్కేటింగ్‌ను చదువుతో ముడిపెట్టింది. మధ్యప్రదేశ్‌లో పన్నా జిల్లాలోని జన్‌వార్ అనే ఆదివాసీ, యాదవ కుటుంబాల పల్లెలో ఉల్రికే రైన్‌హార్డ్ 2015లో పార్కు తెరిచారు. బడికి వెళ్లకపోతే ఆట లేదు, ఆడపిల్లలకే మొదటి అవకాశం అన్నవి అక్కడి నియమాలు. అమెరికా దుకాణాలు దశాబ్దాలు తీసుకున్న మార్పును ఈ పల్లె మొదటి రోజే నియమంగా పెట్టుకుంది. రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ దగ్గరి ఖేంపూర్‌లో సినిమా కోసం కట్టిన పార్కు, 2021లో ‘స్కేటర్ గర్ల్’ నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చాక కూడా ఊరి పిల్లలకే మిగిలింది. దక్షిణాసియాలో వీటన్నిటికంటే ముందు, 2007లో కాబూల్‌లో మొదలైన స్కేటిస్తాన్ ఇదే దారి చూపించింది. అక్కడ కూడా దుకాణం లేదు. బోర్డులు విరాళంగా వచ్చాయి.

విరాళంతో ఆట మొదలుపెట్టవచ్చు, నిలబెట్టడం కష్టం. చెక్క విరిగినప్పుడు, బేరింగు పట్టేసినప్పుడు పల్లె పిల్లవాడు ఎక్కడికి వెళ్లాలి? 2022 గుజరాత్ జాతీయ క్రీడల్లో స్కేట్‌బోర్డింగ్ ఉంది, లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లోనూ ఉంటుంది. పతకాల గురించి మాట్లాడేటప్పుడు ఆ పతకానికి కావలసిన పరికరం ఎలా చేరుతుందన్న మాట వినిపించదు. బయటి నుంచి కొద్ది జతలు తెప్పించుకుని అమ్మాలనుకునే చిన్న వ్యాపారికి దారి ఇప్పుడు మరింత ఇరుకు. 2024 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న పాదరక్షల నాణ్యత ఉత్తర్వు ప్రకారం విదేశీ కర్మాగారమే భారతీయ ప్రమాణాల సంస్థ లైసెన్సు తీసుకోవాలి. లక్షల జతలు అమ్మే బ్రాండుకు అది ఒక ఖర్చు. యాభై జతలు తెప్పించే దుకాణానికి అది మూసిన తలుపు.

బోర్డుకే పరిమితం కాని కథ

స్కేట్‌బోర్డు తెలుగు ఇళ్లలో ఇప్పటికీ అరుదైన వస్తువే కావచ్చు. కానీ ఈ కథలోని దుకాణం అందరికీ తెలిసినదే. క్రికెట్ బ్యాటు కొనడానికి వచ్చిన పిల్లవాడికి కలప గీతలు చూపించి, బరువు చేతికిచ్చి, నూనె పట్టించి, చెక్క సుత్తితో కొట్టి బ్యాటును సిద్ధం చేసిచ్చే దుకాణదారుడు అతనే. విజయవాడ ఏలూరు రోడ్డులోనో హైదరాబాద్ కోఠీలోనో ‘ఇది కాదు, ముందు అది చదువు’ అని పాఠకుడి చేతిలో వేరే పుస్తకం పెట్టిన మనిషీ అతనే. పాఠకుడు తయారైంది ఆ గడపలో. తర్వాతి పది పుస్తకాలు డిస్కౌంట్ ఉన్నచోట కొనడం సహజం. పదకొండో పుస్తకం గురించి చెప్పేవారు లేకపోవడం దాని ఫలితం.

దేశంలో ఈ-కామర్స్, పది నిమిషాల డెలివరీల మీద చర్చ చాలాకాలంగా సాగుతోంది. విదేశీ పెట్టుబడి ఉన్న సైట్లు సొంతంగా సరుకు నిల్వ చేసి అమ్మకూడదన్న నిబంధనను 2019 ఫిబ్రవరి నుంచి బిగించారు. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ కొందరు అమ్మకందారులకే ప్రాధాన్యం ఇస్తున్నాయని పోటీ కమిషన్ దర్యాప్తు విభాగం తేల్చినట్టు 2024లో వార్తలొచ్చాయి. తాము చట్టాన్ని ఉల్లంఘించలేదన్నది ఆ సంస్థల వాదన. ఈ వాదోపవాదాలన్నిటిలో కొలిచేది ధర, వేగం, ఉద్యోగాల సంఖ్య. కిరాణా కొట్టు విషయంలో ఆ కొలతలు కొంతవరకు సరిపోతాయి. ఉప్పు వాడటం ఎవరూ నేర్పనక్కర్లేదు. నేర్పితే తప్ప గిరాకీ పుట్టని సరుకుల విషయంలో ఆ కొలతలు చాలవు. సంగీత వాద్యాలు, సైకిళ్లు, పుస్తకాలు, ఆట సామగ్రి ఆ కోవలోవి.

చేయదగ్గ పనులు లేకపోలేదు. పార్కులు, స్టేడియంలు కట్టే మున్సిపాలిటీలు అందులో ఒక చిన్న గదిని తక్కువ అద్దెకు మరమ్మతు దుకాణానికి ఇవ్వవచ్చు. క్రీడా శాఖలు పరికరాలను టోకున టెండరులో కొనేటప్పుడు అమర్చడం, శిక్షణ, మరమ్మతులను కూడా విలువకట్టి స్థానిక దుకాణాలకు చోటివ్వవచ్చు. నాణ్యత ఉత్తర్వుల్లో కొద్ది మొత్తాల దిగుమతికి విడి మార్గం పెట్టవచ్చు. బ్రాండ్లు తమ వెబ్‌సైటులో అమ్మినా, ఆ ఊరి దుకాణానికి కొంత వాటా ఇచ్చే పద్ధతి సైకిళ్ల రంగంలో కొన్ని కంపెనీలు ఇప్పటికే పాటిస్తున్నాయి. దుకాణాలు కూడా ఉచితంగా చేసే పనికి ధర చెప్పడం నేర్చుకోవాలి. అమర్చినందుకు రుసుము తీసుకుని, అక్కడే కొంటే దాన్ని తగ్గించడం అందులో ఒక పద్ధతి.

జెఫిర్ జట్టు చెదిరిన అర్ధ శతాబ్దం తర్వాత కూడా ప్రశ్న మారలేదు. పన్నెండేళ్ల పిల్లవాడికి మొదటి బోర్డు బిగించి ఇచ్చిన కుర్రాడి అరగంటకు డబ్బు ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వకపోతే ఆ అరగంట ఉండదు. బోర్డు మాత్రం మర్నాటికి గుమ్మం ముందుకు చేరుతుంది, అట్టపెట్టెలో, విడి భాగాలుగా.